గొంతు శుభ్రమైన తర్వాత

నా ఉద్యోగ జీవితంలో నేను మనుషుల ముఖాలకంటే వాళ్ళ కఫాన్నీ, రక్తాన్నీ, మూత్రాన్నీ ఎక్కువగా చూశాను. ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ పని అట్లాంటిది. కిటికీలోంచి ఒక చెయ్యి సీసా ఇస్తుంది. మధ్యాహ్నానికి అదే కిటికీలోంచి మనం ఒక కాగితం ఇస్తాం. ఆ కాగితం తీసుకున్న మనిషి దాన్ని ఏమని అర్థం చేసుకున్నాడో, దాన్ని పట్టుకుని ఏం చేశాడో మనకు తెలియదు. తెలుసుకోవడం మన పని కాదని కూడా అంటారు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి, బదిలీల కోసం తిరిగిన ఆఫీసుల గురించి రాయను. తొంభైల్లోనూ ఆ తర్వాతి పదేళ్ళలోనూ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు పనిచేశాను. ఆసుపత్రుల పేర్లు మీకు అక్కర లేదు. నేను రాయబోయేది ఎక్కువగా ఒక పాప గురించి. పేరు కరుణ, తొమ్మిదేళ్ళు. ఆమె గొంతులో క్రిమి లేదని కాగితం ఇచ్చింది నేనే. ఆ కాగితంలో తప్పు లేదు. దాన్ని పట్టుకుని నేను చేసిన పనిలో ఉంది తప్పు.

నేను విశ్వాసిని. మా నాయన మడకశిర వైపు పల్లెల్లో ఉపదేశిగా తిరిగిన మనిషి. మా ఇంట్లో పిల్లలం అక్షరాలు నేర్చుకున్నదే బైబిలు వాక్యం చదవడానికి. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. కరుణ విషయంలో నా విశ్వాసమే తప్పు చేయించిందని ఆసుపత్రిలో కొందరు అన్నారు. విశ్వాసం చాలకనే అట్లా జరిగిందని మా చర్చి సంఘంలో కొందరు అన్నారు. ఇద్దరి మాటా నేను ఒప్పుకోను.

ఖాళీ స్లైడు

తొంభైల మొదట్లో హిందూపురంలో చేరాను. అక్కడ పిల్లల డాక్టరు కరీముల్లా గారు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. శుక్రవారం నమాజు తప్పేవారు కాదు. నేను పని మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుంటే ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. పనిలో పొరపాటు జరిగితే మాత్రం వార్డంతా వినబడేట్టు తిట్టేవారు.

ఒక ఉదయం, పుట్టి ఏడు రోజులైన బిడ్డ బొడ్డు దగ్గర నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా నాకు పంపారు. స్లైడు మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చాలాసేపు వెతికాను. చెప్పుకోదగ్గది ఏమీ లేదు. "ఏమీ కనబడలేదు" అని రాసి పంపాను. పది నిమిషాల్లో డాక్టరు గారే ల్యాబ్‌లోకి వచ్చారు.

"ఏమ్మా శాంతమ్మా, ఏమీ ల్యాదని రాసినావే. బిడ్డను చూసినావా?"

"లేదు సార్. స్లైడు చూసినా."

"స్లైడుకు పాలు పడతాండారా ఆడ? దా నాతో."

వార్డు చివర కిటికీకి దుప్పటి కట్టి చీకటి చేసిన గదిలో ఆ తల్లీబిడ్డా ఉన్నారు. నేను లోపలికి అడుగు పెట్టగానే నా చెప్పు గచ్చుకు రాసుకుని చప్పుడైంది. ఆ చిన్న చప్పుడుకే బిడ్డ తలా మడమలూ పరుపుకు ఆనించి నడుము పైకి లేపేశాడు. దవడలు బిగిశాయి. ముఖంలో నవ్వులాంటిది కనిపించింది. అది నవ్వు కాదు.

"అక్కా, చెప్పులు ఇడిసి రా. చప్పుడైతే వంగిపోతాడు," అంది ఆ తల్లి.

ధనుర్వాతం. ఇంటి దగ్గర కాన్పు చేసినవాళ్ళు కొడవలితో బొడ్డు కోసి బూడిద పెట్టారట. డాక్టరు గారు నన్ను బయటికి తీసుకొచ్చి, ఆయనకు అలవాటు లేని చిన్న గొంతుతో చెప్పారు.

"పురుగు బొడ్డు కాడనే ఉంటాది, యాడికీ పోదు. రవ్వంత ఉంటే చాలు, నీ స్లైడుకు దొరకదు. అది వదిలిన విషం నరాల ఎంబడి వెన్నుపాములోకి పోతాది. కండ బిగిసినంక ఇంగ చాలు, వదులు అని ఒగ కబురు పోవాల. ఆ కబురు బయల్దేరనీకుండా చేస్తాది ఆ విషం. అందుకే బిగిసింది వదలదు."

"విరుగుడు ల్యాదా సార్?"

"నెత్తుర్లో తిరుగుతాండే విషాన్ని పట్టుకునేదానికి ఉండాది. నరంలోకి దూరినదాన్ని బయటికి లాగేది ల్యాదు. ఇంగ మనం చేసేదల్లా చీకటి చేసేది, చప్పుడు చేయకుండా ఉండేది."

బిడ్డ మూడోరోజు పోయాడు. నా కాగితం ఆ కేసు షీటులో అట్లాగే ఉండిపోయింది. మార్చి రాయమంటారా అని అడిగాను. "రాసింది నిజమే గదా, ఎందుకు మార్చేది? దాన్ని చదివేది నేర్చుకో," అన్నారు.

అప్పుడే నేర్చుకున్నాననుకున్నాను.

విషం చేసే పని

తర్వాతి కాలంలో ధర్మవరంలో శిక్షణకు వచ్చిన పిల్లలకు నేను దీన్ని మగ్గంతో పోల్చి చెప్పేదాన్ని. ఆ ఊళ్ళో మగ్గం చప్పుడు వినకుండా పెరిగినవాళ్ళు తక్కువ. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక నేత సాగుతూ ఉంటుంది. కణానికి కావలసిన మాంసకృత్తులను అది తనే నేసుకుంటుంది. ఆ నేత ఆగితే కణం కొంతకాలం పాతబట్టతో నెట్టుకొస్తుంది, ఆ తర్వాత చచ్చిపోతుంది.

కంఠసర్పి అని మన పెద్దలు పిలిచే జబ్బుంది. డాక్టర్లు డిఫ్తీరియా అంటారు. ఆ క్రిమి గొంతులోనే కాపురం పెడుతుంది. బూడిదరంగు పొర ఒకటి కట్టుకుని దాని కిందే ఉంటుంది. గుండెలోకి పోదు, నరాల్లోకి పోదు. అది వదిలే విషం పోతుంది. ఆ విషానికి రెండు భాగాలు. ఒకటి కణం గోడకు కొక్కెంలా తగులుకుంటుంది. రెండోది ఆ దారిన లోపలికి దూరుతుంది. దూరి మగ్గాన్ని విరగ్గొట్టదు, దారం తెంచదు. ఒక్కో పోగు పడగానే బట్టను ముందుకు జరిపే పనిముట్టు ఏదుందో, దాన్ని ఒక్కదాన్నే పనికిరాకుండా చేస్తుంది. ఒకటి చెడగొట్టాక అయిపోదు, పక్కదాని మీదికి పోతుంది. ఒక కణాన్ని చంపడానికి ఆ విషం అణువు ఒక్కటి చాలు అంటారు చదువుకున్నవాళ్ళు.

అన్ని విషాలూ ఇట్లా చంపవు. కలరా విషం పేగు కణాన్ని బతికే ఉంచుతుంది, దాని కొళాయిని మాత్రం కట్టడానికి వీల్లేకుండా తెరిచి పెడుతుంది. మనిషి ఒంట్లో నీళ్ళన్నీ ఆ దారినే పోతాయి. దెబ్బ ఏదైనా, తగిలేది కణానికి. మన దగ్గరికి వచ్చేది మాత్రం క్రిమి ఉన్న చోటి నమూనా. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో టెక్నీషియన్ మరిచిపోకూడదు.

కంఠసర్పిలో ఇంకో సంగతి ఉంది. గుండెకు తగిలిన దెబ్బ వెంటనే బయటపడదు. చాలామందిలో రెండోవారంలో తెలుస్తుంది. అప్పటికి గొంతులో పొర ఊడిపోయి ఉంటుంది, జ్వరం తగ్గి ఉంటుంది. పాప లేచి కూర్చుని గంజి అడుగుతుంటుంది. ఇంట్లోవాళ్ళు నవ్వుతుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే గుండె కండరం లోపల లోపల చచ్చిపోతూ ఉంటుంది. అందుకే మంచం దిగనివ్వరు. ఆ గుండె మీద నాలుగడుగుల బరువు కూడా పడకూడదు.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

కరుణ

తొంభైల చివర్లో పెనుకొండలో పనిచేశాను. కరీముల్లా గారు అప్పటికే అక్కడికి బదిలీ అయి వచ్చి ఉన్నారు. అక్కడి సంఘంలో నేను స్త్రీల సమాజానికి పెద్దను. కరుణ వాళ్ళది మా సంఘమే. నాయన దేవదానం ఒక రైతు మల్బరీ తోటలో కూలికి పోయేవాడు. తల్లి సువార్తమ్మ నా వెనక వరుసలో కూర్చుని పాటలు పాడేది. మంచి గొంతు. కరుణకు కంఠసర్పి టీకా మొదటి మోతాదు ఒక్కటే పడింది. అది వేసిన రోజు జ్వరం వచ్చిందని సువార్తమ్మ మళ్ళీ తీసుకుపోలేదు.

గొంతునొప్పి మొదలైన ఐదోరోజు, ఒక శుక్రవారం, పాపను ఆసుపత్రికి తెచ్చారు. మెడ దవడలతో సమానంగా వాచింది. మెడకు పూసిన పసుపూ సున్నమూ ఎండి పొరలు లేస్తున్నాయి. గొంతులోంచి తీసిన నమూనాను నేనే చూశాను. ఆకుపచ్చ పుల్లల్లాంటి క్రిములు, వాటి కొసల్లో నల్లటి చుక్కలు. వెతకనక్కర లేకుండా కనబడ్డాయి. పరుగెత్తుకుంటూ పోయి చెప్పాను.

విరుగుడు సీరం మా దగ్గర లేదు. అనంతపురం నుంచి అంబులెన్సు డ్రైవరు ఫ్లాస్కులో ఐసు వేసి తెచ్చాడు. అది పాప ఒంట్లోకి ఎక్కేసరికి శనివారం మధ్యాహ్నమైంది. కరీముల్లా గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఆరు దినాల విషం లోపల ఉండాది శాంతమ్మా. ఈ సీరం ఇప్పుడు బయట తిరిగేదాన్ని పట్టుకుంటాది. దూరింది దూరిందే. ఎంత దూరిందో ఇంగో పదైదు దినాలకు గానీ తెలీదు. అందాకా మంచం దిగేదానికి ల్యాదు. ఒంటికి పోయేది కూడా మంచం మీదే."

"మేము ప్రార్థన చేస్తాం సార్."

"చేయి తల్లీ. నీ ప్రార్థన నీవు చేయి, నా సూది నేనేస్తా. ఇద్దరం కలిసి పాపను పండుకోబెడతాం, అంతే."

ఆ మాటకు సువార్తమ్మ కూడా నవ్వింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను.

శుక్రవారం నుంచి మూడు రోజులు మా స్త్రీల సమాజం ఉపవాసం ఉంది. నేను మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. మూడోరోజు ఆదివారం ఆరాధనలో, సంఘమంతా వింటుండగా నేను గట్టిగా ప్రార్థన చేశాను. "వచ్చే ఆదివారం ఈ పాప ఈ వాకిట్లోంచి నడిచి వస్తుంది ప్రభువా, నేను నమ్ముతున్నాను" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

ఎందుకు "నడిచి" అన్నానో చెప్పాలి. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది. పెద్ద జబ్బు నుంచి లేచినవాళ్ళు చర్చి వాకిలి నుంచి ముందు వేదిక దాకా తమ కాళ్ళతో తామే నడిచి వచ్చి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పాలి. ఎవరూ ఎత్తుకోకూడదు, చెయ్యి పట్టుకోకూడదు. వాళ్ళు నడుస్తున్నంతసేపూ సంఘమంతా నిలబడి చప్పట్లు కొడుతూ పాడుతుంది. అది చూసి కన్నీళ్ళు రానివాళ్ళుండరు. ఆ నడక ఏ రోజున జరగాలో దేవునికి నేను తేదీ పెట్టాను. అది విశ్వాసం అనుకున్నాను.

శనివారం

తర్వాతి వారంలో పొర ఊడింది. జ్వరం తగ్గింది. పాపను విడిగది నుంచి మామూలు వార్డుకు మార్చవచ్చా లేదా తెలుసుకోవడానికి డాక్టరు గారు రెండుసార్లు గొంతు నమూనా తీయించి జిల్లా కేంద్రానికి పంపారు. ఆ పరీక్ష అడిగింది అంతమటుకే. పక్కపిల్లలకు అంటుతుందా, అంటదా? శనివారం జవాబు వచ్చింది. రెండుసార్లూ క్రిమి లేదు. డాక్టరు గారు ఆ మధ్యాహ్నమే సొంత ఊరికి బయల్దేరారు. పోతూ కేసు షీటు మీద "మంచం దిగకూడదు" అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

కాగితం నేనే తీసుకుపోయి సువార్తమ్మకు చెప్పాను.

"పురుగు పోయిండాది సువార్తమ్మా. రెండుమార్లు చూసినారు, ల్యాదు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత, "అయితే రేపు గుడికి తీసుకపోదామా అక్కా? సారు మంచం దిగొద్దన్న్యాడే?" అని అడిగింది.

పాప మంచం పక్కన దేవదానం తల్లి కూర్చుని ఉంది. అగళి వైపు ఆవిడ. మాటల్లో సగం కన్నడం. కంఠసర్పిని గంటలుమారి అనేది. "డాక్టరు వద్దన్నంక యాడికి పోతారే? గంటలుమారి వచ్చినోళ్ళు గొంతు బాగైందని లేచి తిరగకూడదు. మా చెల్లెలి బిడ్డ అట్లే బాగైందని బావి కాడికి పోయి ఆడనే పడిపాయ," అంది.

"అవ్వా, అది మీ కాలం. అప్పుడు ఈ మందు ల్యాదు."

"మందు కొత్తదేమోగానీ ఒళ్ళు ఆ ఒళ్ళే గదమ్మా," అని ఆవిడ ముఖం తిప్పుకుంది.

ఇంకా ఉంది. కరుణ నన్ను చూసి చెయ్యి ఊపింది. "అక్కా, నా గొంతు ఇను. జలుబు చేసిన మేక మాదిరుండాది," అంది. మాట ముక్కులోంచి వస్తోంది. సువార్తమ్మ కూడా, "పాలు తాగితే నిన్నటి నుంచి ముక్కులోంచి వస్తాండాయక్కా," అంది.

పిల్లలూ, ఇది గుర్తు పెట్టుకోండి. కంఠసర్పిలో మాట ముక్కుతో రావడం, తాగింది ముక్కులోంచి రావడం అంటే అంగిట్లో నరాలు పడిపోయాయని. అంటే విషం గొంతు దాటి పని మొదలుపెట్టిందని. నరాల దాకా వచ్చింది గుండెను వదిలి ఉంటుందా? వెంటనే డాక్టరుకు కబురు పంపాల్సిన సంగతి అది. నేను, "గొంతులో పుండు మానుతాంది గదా, అట్లే ఉంటాదిలే," అన్నాను.

ఆ సాయంత్రం మా పాస్టరు గారు నన్ను అడిగారు. "అమ్మా, పాపను తేవచ్చునా? ఆసుపత్రివాళ్ళు ఏమన్నారు?"

"రిపోర్టు నేనే చూసినానయ్యగారూ," అన్నాను.

అది అబద్ధం కాదు. ఆయన అడిగినదానికి జవాబూ కాదు. ఆయన నన్ను నమ్మారు. ఆసుపత్రుల్లో పనిచేసిన ఇరవై ఏళ్ళలో నేను అంతకంటే పెద్ద తప్పు చేయలేదు.

ఆదివారం

ఉదయం డ్యూటీ సిస్టర్ అడ్డం చెప్పింది. "సారు రెండు గీతలు గీసిండారు గదక్కా."

"ఒగ గంటలో తెచ్చి పండుకోబెడతాం. నేనుంటా గదా ఎంబడి."

నేనన్నాను కాబట్టి ఆమె ఊరుకుంది. దేవదానం పాపను భుజాన వేసుకుని ఆటోలో తెచ్చాడు, చర్చి మెట్లు కూడా ఎత్తుకునే ఎక్కాడు. వాకిట్లో దించాడు. పాట మొదలైంది.

వాకిలి నుంచి వేదిక దాకా ముప్పై అడుగులుంటుంది. కరుణ ఆకుపచ్చ పావడా రెండు చేతులతో కొంచెం ఎత్తి పట్టుకుని నడిచింది. సగం దారిలో ఆగింది. తల పక్కకు వాల్చి ఎవరినో వెతుకుతున్నట్టు చూసింది. వెనక నుంచి సువార్తమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. నేను చెయ్యెత్తి ఆమెను ఆపాను. చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టి, "రా బంగారూ, రా, ఇంగ నాలుగడుగులే," అన్నాను.

వచ్చింది. మైకు ముందు నిలబడి, "అందరికీ వందనాలు. నాకు బాగయింది," అంది. తన మాట తనకే విచిత్రంగా వినబడి నవ్వింది. చిన్నపిల్లలు కూడా నవ్వారు. నేను ఏడుస్తున్నాను, సంతోషంతో.

రెండో పాటలో పాప వాంతి చేసుకుంది. ముఖం తెల్లబడి చెమటలు పట్టాయి. చెయ్యి పట్టి నాడి చూశాను. ఒకసారి కొట్టింది. నేను ఎదురు చూశాను. చాలాసేపటికి ఇంకోసారి కొట్టింది.

సోమవారం

కబురందుకుని కరీముల్లా గారు ఆదివారం మధ్యాహ్నానికల్లా వచ్చేశారు. పాప గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. గుండె పై గది ఇచ్చే సంకేతం కింది గదికి చేరడం లేదన్నారు. ఆ ఊళ్ళో, ఆ కాలంలో, దానికి చేయగలిగింది మా దగ్గర ఏమీ లేదు. బెంగళూరు తీసుకుపోదామంటే దారిలోనే పోతుందన్నారు. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన వెనకే తిరిగాను.

సోమవారం పొద్దున పదకొండు గంటలప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. కిటికీ దగ్గరికి దేవదానం వచ్చాడు. చేతిలో ఏమీ లేదు.

"అక్కా, పాప పోయింది," అన్నాడు. "నీకు చెప్పాలని వచ్చినా."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు. అతని వెనక వరుసలో ఉన్నవాడు కఫం డబ్బీ కిటికీలోకి పెట్టాడు. నేను తీసుకున్నాను.

సాయంత్రం డాక్టరు గారి గదిలోకి పోయి, "సార్, మంచం మీద ఉన్నింటే బతికేదా?" అని అడిగాను.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "చెప్పలేను శాంతమ్మా. అంత విషం దూరినంక కొందరు మంచం మీదే పోతారు. కానీ బతికేదానికి ఒగ దావ ఉన్నింది. దాన్ని మనం మూసినాం."

"మనం" అన్నారు. ఊరికి పోయినందుకు తనను కూడా కలుపుకున్నారు. ఆయన అట్లా అనడం నేను భరించలేకపోయాను.

సాక్ష్యం

నెల తర్వాత పాస్టరు గారి దగ్గరికి పోయి, సంఘం ముందు నా తప్పు ఒప్పుకుంటానన్నాను. వద్దన్నారు. "నీవు ప్రేమతో చేసినావమ్మా," అన్నారు. నేను పట్టుబట్టాను.

ఆదివారం వేదిక ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టాను. డాక్టరు వద్దన్నారని నాకు తెలుసు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ముందు వరుసలో ఒక పెద్దాయన, "దేవుని చిత్తమమ్మా, ఊరుకో," అన్నాడు. ఇంకెవరో హల్లెలూయ అన్నారు. ఆడవాళ్ళు కొందరు లేచి వచ్చి నా భుజాల మీద చేతులు వేశారు. ఎవరో ఓదార్పు పాట ఎత్తుకున్నారు. నా చుట్టూ అంత దయ ఉంది. ఆ దయ నా నోరు మూస్తోంది.

వెనక వరుసలో సువార్తమ్మ లేచి నిలబడింది.

"పాట ఆపండి," అంది. "ఆయమ్మను చెప్పనీండి. దేవుని చిత్తమని మీరంతా ఒగ మాట అనేసి ఇండ్లకు పోతారు. నా బిడ్డ ఎట్ల పోయిందో నాకు తెలియాల."

పాట ఆగింది. నేను మొత్తం చెప్పాను. ముక్కుతో మాట్లాడటం అంటే ఏమిటో, నేను ఏమని సర్దిచెప్పానో చెప్పాను. సగం దారిలో ఆమెను చెయ్యెత్తి ఆపిన సంగతి చెప్పాను. ఆమె కూర్చోకుండా చివరిదాకా విన్నది.

విని, "మూడు దినాలు అన్నం ముట్టకుంటివే అక్కా," అంది. "పాప కోసం అంత చేస్తివి. ఇంగ కొన్ని దినాలు మంచం మీదే ఉండనీ అని ఒగ మాట చెప్పలేకపోతివా?"

కొంగు సర్దుకుని బయటికి నడిచింది. ఆ తర్వాత ఆమె వేరే సంఘానికి పోతోందని విన్నాను. దేవుణ్ణి వదల్లేదు. మమ్మల్ని వదిలింది.

ఉపవాసం కష్టమైనదని అనుకుంటాం. ఆకలి నాకు కష్టం కాలేదు. అందరి ముందూ ఒక మాట అని, అది ఆ ఆదివారం నెరవేరకపోతే తల దించుకోవడం కష్టమైంది. దేవుడు పాపను మంచం మీద కూడా స్వస్థపరచగలడు. నాకు ఆ స్వస్థత చాలలేదు, నలుగురికీ కనబడేది కావాలనిపించింది. నేను ఇప్పటికీ ప్రార్థన చేస్తాను, మానలేను. తేదీలు మాత్రం పెట్టను.

ధర్మవరం

రెండువేల తర్వాత ధర్మవరానికి బదిలీ అయ్యాను. అక్కడ గొంతు నమూనాల్లో క్రిమి లేదని రాయాల్సి వచ్చినప్పుడల్లా కింద చేత్తో ఇంకో వాక్యం రాసేదాన్ని: "ఈ పరీక్ష విషం గురించి చెప్పదు. డాక్టరు చెప్పేదాకా మంచం దిగవద్దు." టెక్నీషియన్ రిపోర్టులో సలహాలు రాయకూడదని పైవాళ్ళు రెండుసార్లు మందలించారు. వాళ్ళు చెప్పింది నియమం ప్రకారం సరే. నేను మానలేదు. మీరు రాయండి అని చెప్పను. ఆ కాగితం పట్టుకున్న మనిషిని మాత్రం కిటికీలోంచి ఒకసారి పిలిచి, ఏమని అర్థమైందో అడగండి.

ఉద్యోగం ఇంక రెండేళ్ళుందనగా ఒక టీకాల రోజున వరండాలో సువార్తమ్మ కనబడింది. ఆమె పెద్దకూతురిని ధర్మవరంలో మగ్గం నేసే అబ్బాయికి ఇచ్చారట. ఆ కూతురి బిడ్డను ఎత్తుకుని సువార్తమ్మే వరుసలో నిలబడి ఉంది. తల మొత్తం నెరిసింది. నన్ను చూసి ముఖం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు. వరుస వదిలి నా దగ్గరికే వచ్చింది.

"బిడ్డకు జలుబుండాది," అంది. "రవ్వంత ఒళ్ళు వెచ్చగుండాది. ఇది మూడో సూది. ఈ దినం ఏపిస్తే ఏమన్నా అవుతాదా, ఇంగో వారం పోనిచ్చేదా?"

బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. మామూలు జలుబు. వాయిదా వేయనక్కర లేదు. ఈ ప్రశ్నకు జవాబు వందలమంది తల్లులకు చెప్పి ఉంటాను.

"ఏం కాదు సువార్తమ్మా, ఏపించ..." అనబోయాను.

"నీవు చెప్పొద్దక్కా," అంది. కోపంగా అనలేదు. నీళ్ళు అడిగినంత మామూలుగా అంది. "లోపల డాక్టరమ్మ ఉండాది గదా. నాకు గుంపులో పోయేదానికి కాదు. నీవు పోయి అడిగి, ఆయమ్మ ఏం చెప్తే అది నాకు చెప్పు."

నేను లోపలికి పోయాను. డాక్టరమ్మ ముందు ఇరవైమంది ఉన్నారు. ఆసుపత్రి మనిషిని కాబట్టి పక్కనుంచి దూరి అడగవచ్చు. వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక బిడ్డ వయసు చెప్పి, జలుబు సంగతి చెప్పి, అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "మీకు తెలీదా? వేయించవచ్చు," అంది.

బయటికి వచ్చి, "డాక్టరమ్మ వేయించమన్నారు," అని చెప్పాను.

సువార్తమ్మ తల ఊపి, బిడ్డ చొక్కా బొత్తాలు విప్పడం మొదలుపెట్టింది.